ఎర్ర పీలిక, తెల్ల పీలిక

మూడో బకెట్ నీళ్లు కూడా నల్లబడ్డాయి.

"అక్కా, ఇంగ ఎన్ని స్పానర్లు ఉండాయి?" అని అడిగింది మోనిక.

"పద్నాలుగు."

"అడేయప్పా! నేను నాలుగు తుడిచినా. నా చేతులు పడిపోయినాయి."

మోనిక మా చిన్నాయన కూతురు. దానికి తొమ్మిదేళ్లు, నాకు పదమూడు. అది నిద్రలో కూడా మాట్లాడుతుంది. నేను అలా కాదు. నాకు మనసులో చాలా ప్రశ్నలు పుడతాయి. అవి గొంతు దాకా వచ్చి, అక్కడే కూర్చుండిపోతాయి.

మరునాడు ఆయుధ పూజ. ఆ పండగకి మా అన్నూరులో ఇళ్లకంటే ముందు పట్టరలు మెరవాలి. వర్క్‌షాప్‌ని మేము పట్టర అంటాం. సుత్తి, స్పానర్, డ్రిల్లింగ్ మిషన్, అన్నిటినీ కడిగి తుడిచి గంధం కుంకుమ పెడతాం. పూజ రోజు వాటిని పనికి ముట్టుకోం. ఆ రోజు వాటికి సెలవు. మళ్లీ విజయదశమి పొద్దునే పని మొదలు.

పట్టర మా తాతది. తాత పేరు అప్పసామి. ఆయన పట్టరలో కొత్త వస్తువు వెతికినా దొరకదు. కూర్చునే సోఫా ఏదో పాత కారు వెనక సీటు. కిటికీ రేకు పైకి లేవాలంటే కారు తలుపు హ్యాండిల్ తిప్పాలి. పూజకి పళ్లెం కావాలంటే కారు చక్రం మూత ఉంది. అన్నిటికంటే నాకు ఇష్టమైనది ఈగల మిషన్. వానలో కారు అద్దం తుడవాల్సిన వైపర్ మోటారు, మా పట్టరలో ఒక గుడ్డని అటూ ఇటూ ఊపుతూ తాత అన్నం మీద ఈగలను తోలుతుంది.

"కారు నిలిచిపోతే ఏమి?" అంటాడు తాత. "దాంట్లో తిరిగేవి ఎన్ని ఉండాయో ఎంచి చూడు."

ఈసారి వచ్చింది ఆరాయి అత్త వాళ్ల అంబాసిడర్.

ఆరాయి అత్త మా పక్క వీధిలో ఉంటుంది. తిరుమంగళం నుంచి పెళ్లై ఇక్కడికి వచ్చింది. ఆమె భర్త పాండియన్ మామ ఆ కారుని ఇరవై ఏళ్లు టాక్సీగా నడిపాడు. మూడేళ్ల కిందట ఆయన చనిపోయాడు. అప్పటి నుంచి కారు పెరట్లో టార్పాలిన్ కింద నిలబడి ఉంది. దాంట్లో కోళ్లు గుడ్లు పెట్టేవి.

పోయిన నెల ఆరాయి అత్త తాత దగ్గరికి వచ్చింది.

"పాత ఇనుముకి వేసేయడానికి మనసు రాలేదు అయ్యా," అంది. "నాకు ఐదు ఆవులు ఉండాయి. రోజూ చేత్తో చక్రం తిప్పి చొప్ప కోసి కోసి, ఈ భుజం ఇంగ లేవదు. నా బండిని చొప్ప కోసే మిషన్‌గా చేసి ఇయ్యి."

తాత ఆమెతో పాటు వాళ్ల పెరట్లోకి వెళ్లాడు. కారు కింద దూరి, టార్చి వేసి చూసి, పది నిమిషాలకి బయటికి వచ్చాడు. జుట్టు నిండా కోడి ఈకలు.

"ఇంజిన్ పోయింది," అన్నాడు. "వెనక ఇరుసు బాగుండాది. చేస్తా."

వెనక ఇరుసు మధ్యలో ఉండే ఇనప బుర్రలో రెండు పళ్ల చక్రాలు ఉంటాయి. ఒకటి చిన్నది, పినియన్. రెండోది పెద్దది, క్రౌన్. పొడుగు కడ్డీ తిరిగితే దాని చివర ఉన్న పినియన్ తిరుగుతుంది. పినియన్ పళ్లు క్రౌన్ పళ్లను తోస్తే క్రౌన్ అడ్డంగా తిరుగుతుంది. కారులో ఐతే దాంతో చక్రాలు తిరిగేవి. ఇప్పుడు కత్తులు తిరగాలి. ఇంజిన్ బదులు కరెంటు మోటారు ఉంటుంది.

ఇనప చట్రం తయారైంది. కత్తులు తయారయ్యాయి. క్రౌన్ మాత్రం ఇంకా విప్పి ఉంది. పాత ఆయిల్ సీళ్లు తీసేసి కొత్తవి వేయాలని తాతే విప్పాడు. దాని ముక్కలన్నీ పట్టర మూలలో ఒక గోనెసంచి మీద ఉన్నాయి.

ఆ గోనెసంచి దగ్గరే నా తప్పు జరిగింది.

*

ఆ మధ్యాహ్నం మోహన్‌రాజ్ చిన్నాయన, అంటే మోనిక వాళ్ల నాన్న, మోటారుకి బెల్టు కొనడానికి పీలమేడు వెళ్లాడు. వెళ్తూ నాతో, "అభీ, నేను వచ్చేలోపల పట్టర అంతా మెరవాల. ఒక్కటి కూడా నల్లగా కనిపించకూడదు, సరేనా?" అన్నాడు.

నేను తల ఊపాను. నాకు సర్దడం అంటే ఇష్టం. మాట్లాడకుండా చేయగలిగే పని కదా.

స్పానర్లు అయ్యాక మోనిక ఆకలేస్తోందని ఇంటికి పరుగెత్తింది. తాత కారు సీటు మీద పడుకుని గురక పెడుతున్నాడు. వైపర్ మోటారు ఆయన ముఖం మీద గుడ్డ ఊపుతోంది.

నేను గోనెసంచి దగ్గరికి వెళ్లాను.

దాని మీద బోల్టులు, బేరింగులు వంకర వరసలో పడి ఉన్నాయి. వాటి పక్కన పల్చటి రేకు ఉంగరాలు నాలుగు. చూడటానికి పెద్ద గాజుల్లా ఉన్నాయి. వాటికి గుడ్డ పీలికలు కట్టి ఉన్నాయి. రెండింటికి ఎర్రవి, రెండింటికి తెల్లవి. గ్రీజు అంటి ఆ తెలుపు కూడా దాదాపు నల్లగా ఉంది.

ఈ గుడ్డలు ఎందుకు కట్టారు? రెండు ఎరుపు, రెండు తెలుపు ఎందుకు?

ప్రశ్న గొంతు దాకా వచ్చింది. తాత వైపు చూశాను. రెండడుగులు వేసి సీటు దగ్గర నిలబడ్డాను కూడా. తాత గురక ఆగి, మళ్లీ మొదలైంది.

దీనికోసమా నిద్ర లేపుతారు? తిడితే? పాత గుడ్డ ముక్కలే కదా.

నేను వెనక్కి వచ్చి ముడులు విప్పాను. పీలికలను చెత్త బుట్టలో వేశాను. ఉంగరాలను కిరోసిన్‌లో కడిగి తుడిచి, ఒకదాని మీద ఒకటి పేర్చి, చక్రం మూతలో పెట్టాను. బోల్టులను చిన్నవి ఒక డబ్బాలో, పెద్దవి ఒక డబ్బాలో వేశాను. గోనెసంచి దులిపి మడిచాను.

సాయంత్రం చిన్నాయన వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అడేయప్పా! ఇది మన పట్టరేనా? పెళ్లి మండపంలా ఉండాది!"

తాత కూడా నవ్వాడు. ఈ మధ్య తాత కళ్లకి దూరానివి మసకగా, దగ్గరివి ఇంకా మసకగా కనిపిస్తున్నాయి. అయినా మెరుపు తెలిసినట్టుంది.

చిన్నాయన చెత్త బుట్టని పెరట్లో ఎండుటాకుల మీద గుమ్మరించి అగ్గిపుల్ల గీశాడు. నేను పొగ చూస్తూ నిలబడ్డాను. నాకు ఆ రోజు చాలా గొప్పగా అనిపించింది.

*

పూజ రోజు పొద్దున పట్టర గుమ్మానికి రెండు పక్కలా అరటి పిలకలు కట్టారు. లోపల అన్ని పనిముట్లకీ గంధం, కుంకుమ. మోనిక డ్రిల్లింగ్ మిషన్‌కి మూడు బొట్లు పెట్టింది.

"ఒకటి చాలు కదే?" అన్నాను.

"దానికి పెద్ద ముఖం అక్కా!"

ఆరాయి అత్త బంతిపూల దండ తీసుకుని వచ్చింది. కారు స్టీరింగ్‌ని తాత దేవుడి పటం పక్కన నిలబెట్టి ఉంచాడు. అత్త దండని దానికి చుట్టింది. చుట్టాక కూడా కాసేపు రెండు చేతులతో స్టీరింగ్‌ని పట్టుకునే ఉంది.

"రేపు తప్పకుండా అవుతుందా అయ్యా?" అని అడిగింది.

"రేపు పొద్దున అరగంట పని," అన్నాడు తాత. "క్రౌన్ పక్కన వేసే ఉంగరాలు నాలుగు ఉండాయి. అవి ఒక్కొక్కటి ఒక్కో మందం. ఏది ఎటు పక్కన ఉండిందో అటే పడాల. అందుకే విప్పేటప్పుడే గుర్తు కట్టి పెట్టినా. ఎర్ర పీలికవి ఎడమకి, తెల్ల పీలికవి కుడికి. నా కళ్లకి కూడా ఎరుపు తెలుపు తెలుస్తాయి కదా!"



"మారిపోయి పడితే ఏమౌతుంది?" అంది ఆరాయి అత్త.

"పళ్లు సరిగా కలవవు. అరుస్తుంది. కొన్నాళ్లకి పళ్లు విరిగిపోతాయి. ఈ బండి ఇంగ తయారు కావడమే లేదు. వేరే పళ్లకి నేను యాడ పోయేది?"

"అట్లంటే జాగ్రత్త అయ్యా. నాకు ఆయనది ఇది ఒకటే మిగిలింది."

నేను చేతిలోని కుంకుమ గిన్నె కింద పెట్టి పెరట్లోకి పరుగెత్తాను. ఎండుటాకులు కాలిన చోట బూడిద ఉంది. పుల్లతో కెలికాను. ఒక సగం కాలిన స్క్రూడ్రైవర్ పిడి దొరికింది. గుడ్డ పీలికలు లేవు.

ఎవరికీ తెలియదు. ఆ మాట నాకు మొదట అనిపించింది. నేను ముడులు విప్పినప్పుడు మోనిక లేదు. తాత నిద్రపోతున్నాడు. చిన్నాయన ఊళ్లో లేడు.

పండగ తోరణం కట్టగా మిగిలిన ఎర్ర గుడ్డ గుమ్మం దగ్గర ఉంది. పాత తెల్ల పంచె ముక్క కూడా ఉంది. రెండు ఎర్ర పీలికలు, రెండు తెల్ల పీలికలు చింపాను. కొంచెం గ్రీజు రాస్తే అచ్చం పాతవాటిలా ఉంటాయి. ఏవో రెండింటికి ఎరుపు, ఏవో రెండింటికి తెలుపు. సరిగ్గా పడినా పడవచ్చు.

పీలికలను గుప్పిట్లో దాచుకుని లోపలికి వచ్చాను. చక్రం మూతలో నాలుగు ఉంగరాలు మెరుస్తున్నాయి. నాలుగూ ఒకేలా ఉన్నాయి.

అప్పుడే హారతి అయింది. ఆరాయి అత్త బొరుగులు, బెల్లం, శనగలు కలిపిన పళ్లెం తీసుకుని అందరికీ పంచుతోంది. ముద్దుగా నన్ను కణ్ణు అంటుంది. నా దగ్గరికి వచ్చింది.

"నిన్న అన్నీ కడిగింది నువ్వేనంట కదా కణ్ణు? మా ఆయన కూడా పూజకి ముందు రోజు బండి కింద దూరి కడిగేవాడు. నన్ను గుడ్డ పట్టుకోని పక్కన నిలబడమనేవాడు. మూడేళ్లుగా దాన్ని కడిగేవాళ్లే లేరు. నీ చెయ్యి చల్లగా ఉండాల. దా, ప్రసాదం పట్టు."

నేను ఒక చెయ్యి చాపాను.

"ప్రసాదం ఒంటి చేత్తో తీసుకుంటారా? రెండు చేతులూ చాపు."

రెండో గుప్పిట విప్పాల్సి వచ్చింది. బొరుగులు నా అరచేతుల్లో పడ్డాయి. వాటి కింద ఎర్ర పీలికలు, తెల్ల పీలికలు.

"ఏందిది కణ్ణు?"

ఆడుకోవడానికి అని చెప్పి ఉండవచ్చు. అత్త నమ్మేది. కానీ ఆమె ముఖం చూస్తూ ఆ మాట చెప్పలేకపోయాను. గుప్పిట మూయబోతే బొరుగులన్నీ కింద పడిపోయాయి.

"తాతా," అన్నాను.

ఎవరికీ వినబడలేదు.

"అక్క ఏమో చెప్తా ఉండాది! గట్టిగా చెప్పక్కా!" అని అరిచింది మోనిక.

"తాతా, ఆ పీలికలు నేను విప్పేశాను. చెత్త అనుకున్నాను. కాలిపోయాయి. ఏ ఉంగరం ఎటుదో నాకు తెలియదు."

పట్టరలో వైపర్ మోటారు కూడా ఆ రోజు సెలవులో ఉంది. ఏ చప్పుడూ లేదు.

"అన్నీ కలిపేసినావా?" అన్నాడు చిన్నాయన. "విప్పమని నీకు ఎవరు చెప్పినారు? ఒక్క మాట అడగాల్సింది కదా! నోరు లేదా నీకు?"

నాకు ఏడుపు వచ్చేసింది.

"ఉండు మోహనూ," అన్నాడు తాత. "పట్టర అంతా మెరవాలని చెప్పి పోయింది నువ్వు. గురక పెట్టింది నేను." తర్వాత నా చేతిలోని పీలికలను తీసుకుని వేళ్లతో తడిమాడు. "ఇవి కొత్తవి కదా, పాపా?"

తల ఊపాను.

"వీటిని కట్టి పెట్టేసి ఉంటే నేను నమ్మి బిగించేసి ఉండేవాణ్ని." ఆయన గొంతు పెద్దది కాలేదు. కానీ చిన్నాయన తిట్టిన దానికంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఆరాయి అత్త స్టీరింగ్ మీద దండ జారితే సరిచేసింది. "రేపు వస్తా అయ్యా," అని వెళ్లిపోయింది. ఆమెకి కోపం వచ్చిందో లేదో నాకు తెలియలేదు. అదే నాకు భయంగా ఉంది.

*

విజయదశమి పొద్దున ఆరు గంటలకే తాత నన్ను పిలిచాడు.

"అభీ, పూజలో మిగిలిన కుంకుమ తీసుకోని రా. అవ్వని అడిగి ఆముదం కూడా."

"మళ్లా పూజనా నాయనా?" అన్నాడు చిన్నాయన.

"పూజ కాదురా, పరీక్ష."

ముందు ఉంగరాల మందం కొలిచాం. నాలుగింటిలో ఏ రెండూ ఒకటి కాదు. తేడా మాత్రం వెంట్రుక అంత. తాత వాటిని మందం ప్రకారం వరసగా పెట్టించి నన్ను అడిగాడు.

"నాలుగు ఉండాయి. రెండు ఎడమకి, రెండు కుడికి. ఎన్ని విధాలుగా పెట్టొచ్చు?"

నేను సుద్దముక్కతో నేల మీద రాసుకున్నాను. ఒకటీ రెండూ ఎడమకి. ఒకటీ మూడూ ఎడమకి. ఒకటీ నాలుగూ...

"ఆరు."

"అంతే కదా! ఆరులో ఒకటి సరైంది. ఎంత తప్పినా ఆరో సారికి దొరకాల్సిందే. ఇంగ ఏడుపు ఎందుకు?"

కుంకుమలో ఆముదం కలిపి, బ్రష్‌తో క్రౌన్ పళ్లకి పల్చగా రాయమన్నాడు తాత. ఎరుపు పూసుకున్న పళ్లు. మోనికకి నవ్వు ఆగలేదు.

"తాతా, ఇది తాంబూలం వేసుకున్నట్టు ఉండాది!"

చిన్నాయన ఉంగరాలు వేసి, క్రౌన్‌ని కూర్చోబెట్టి, బోల్టులు బిగించాడు. తాత పినియన్ కడ్డీని చేత్తో మెల్లగా తిప్పాడు. పళ్లు పళ్లను తాకుతూ వెళ్లాయి.

"ఇప్పుడు చూడు అభీ. పన్ను పన్నుకి తగిలిన చోట కుంకుమ చెరిగిపోయి ఉంటుంది. యాడ చెరిగింది?"

నేను వంగి చూశాను. నిజంగానే! ప్రతి పంటి మీదా ఒక చిన్న చోట ఎరుపు పోయి ఇనుము మెరుస్తోంది. ఇనుము తనంతట తానే ఎక్కడ ముట్టుకుందో చూపిస్తున్నట్టు ఉంది.

"చివర," అన్నాను.

"గట్టిగా చెప్పు. కళ్లతో పాటు చెవులు కూడా ముసలివైనాయి."

"పంటి చివర!"

"ఏ చివర? పంటికి రెండు చివరలు ఉంటాయి. బయటా, లోపలా?"

"బయటి చివర. గోరంత."

"సరి. క్రౌన్ పినియన్‌కి దూరంగా కూర్చోనుండాది. దగ్గరికి వస్తే గుర్తు లోపలికి జరుగుతుంది. మధ్యలో పడాల మనకి. విప్పు మోహనూ."

చిన్నాయన బోల్టులు విప్పాడు. ఉంగరాలు మార్చాడు. మళ్లీ బిగించాడు. నేను మళ్లీ కుంకుమ రాశాను. ఈసారి గుర్తు లోపలి చివరకి పోయింది.

"ఎక్కువ జరిగిపోయింది," అన్నాను. ఈసారి ఎవరూ అడగక ముందే చెప్పాను. "తాతా, రెండో ఉంగరాన్నీ మూడో ఉంగరాన్నీ అటూ ఇటూ మార్చితే?"

తాత నా వైపు తిరిగాడు. "ఎందుకు అట్ల?"

"ఆ రెండింటికీ తేడా తక్కువ. కొంచెమే జరుగుతుంది కదా?"

"మార్చి చూద్దాం."

మూడోసారి గుర్తు లోపలి చివర నుంచి కాస్త వెనక్కి వచ్చింది. అయినా మధ్యకి రాలేదు. చిన్నాయన చొక్కా చెమటతో తడిసిపోయింది. అప్పుడే బయట సైకిల్ ఆగిన చప్పుడైంది. ఆరాయి అత్త! సైకిల్ మీద జొన్న చొప్ప మోపు.

ఆమె లోపలికి వచ్చి ఎర్రగా ఉన్న పళ్లను చూసింది. నా చేతులనూ చూసింది. అవి మోచేతి దాకా ఎర్రగా ఉన్నాయి. వెళ్లి కారు సీటు మీద కూర్చుంది.

నాలుగోసారి. కుంకుమ. ఉంగరాలు. బోల్టులు. తాత కడ్డీ తిప్పాడు.

నేను వంగాను. ఒక పన్ను. రెండో పన్ను. మూడో పన్ను.

"ఏమ్మా? యాడ?"

"మధ్యలో."

"ఒక పంటి మీదేనా? అన్నిటినీ చూడు. తొందర వద్దు."

నేను ఒక్కొక్క పన్నునీ లెక్కపెడుతూ చూశాను. మోనిక నాతో పాటు గట్టిగా ఎంచింది. నలభై ఒక్క పళ్లు ఉన్నాయి. నలభై ఒక్కింటి మీదా గుర్తు మధ్యలోనే ఉంది.

"అన్నిటి మీదా మధ్యలోనే, తాతా!" అన్నాను. నా గొంతు పట్టర రేకులకి తగిలి తిరిగి వచ్చింది. అంత గట్టిగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

తాత వేలితో ఒక పన్నుని తడిమి, "గోడ మీద రాసి పెట్టు," అన్నాడు. "ఎడమకి ఏవి, కుడికి ఏవి. గోడని ఎవరూ చెత్త బుట్టలో వేయలేరు కదా."

అందరూ నవ్వారు. నేను కూడా.

*

పళ్లను కిరోసిన్‌తో కడిగి, నూనె పోసి, మూత బిగించేసరికి పదిన్నర అయింది. చిన్నాయన కొత్త బెల్టు తగిలించాడు.

"స్విచ్ నువ్వే వేయి ఆరాయీ," అన్నాడు తాత.

ఆరాయి అత్త చేతులు పైటకి తుడుచుకుని స్విచ్ వేసింది. కడ్డీ తిరిగింది. కత్తులు తిరిగాయి. తాత పొడుగు స్క్రూడ్రైవర్ కొనని ఇనప బుర్రకి ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. డాక్టర్ లాగా కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత దాన్ని నా చెవికి పెట్టాడు.

"ఏం వినిపిస్తా ఉండాది?"

"తేనెటీగలు, తాతా. చాలా తేనెటీగలు."

"ఏడుపు, కరకర?"

"లేవు."

"అట్లంటే చొప్ప పెట్టండి."

చొప్ప ఒక పక్క లోపలికి పోయింది. రెండో పక్క చిన్న చిన్న ముక్కలుగా ఎగిరి పడింది. మోనిక తల నిండా పడింది. ఆరాయి అత్త ఒక గుప్పెడు తీసుకుని చూసింది. ముక్కలన్నీ దాదాపు వేలెడు పొడుగు.

"మా ఆయన నడిపినప్పుడు కూడా ఈ బండి ఇంత మెత్తగా పోలేదు," అంది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

తర్వాత కొంగు ముడి విప్పి నా దగ్గరికి వచ్చింది. ముడిలో బొరుగులు ఉన్నాయి.

"నిన్న అన్నీ కింద పోసేసినావు కదా కణ్ణు. దా, రెండు చేతులూ చాపు."

నేను రెండు ఎర్రటి చేతులూ చాపాను.

*

పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం బడి నుంచి నేరుగా పట్టరకి వెళ్లాను. తాత ఒక పాత జీప్ స్టీరింగ్ పెట్టెని విప్పి పెట్టాడు. దాంతో ఏదో చేస్తాడట. ఏమిటో ఇంకా ఎవరికీ చెప్పలేదు.

ముక్కలన్నీ గోనెసంచి మీద ఉన్నాయి. నేను దాని పక్కన కూర్చుని చేతులు వెనక్కి పెట్టుకుని చూశాను. ఒక ముక్కకి నీలం దారం ఉంది. ఒక దాని మీద సుద్ద గీత ఉంది. పెట్టె పక్కన ఉన్న చిన్న రంధ్రంలో మాత్రం ఒక అగ్గిపుల్ల గుచ్చి ఉంది.

అగ్గిపుల్ల ఎందుకు? రంధ్రం లోతు గుర్తా? నూనె కారకుండానా? ఇది ఎడమ అని చెప్పడానికా?

తాత కారు సీటు మీద నిద్రపోతున్నాడు. వైపర్ గుడ్డ అటూ ఇటూ ఊగుతోంది.

నేను వెళ్లి ఆయన భుజం తట్టాను.

"తాతా, లెయ్యి."

"ఊఁ? ఏమైంది? ఎవరు వచ్చినారు?"

"ఎవరూ రాలేదు. ఆ రంధ్రంలో అగ్గిపుల్ల ఎందుకు పెట్టినావు?"

తాత ఒక కన్ను తెరిచాడు. "దీనికోసమా లేపినావు?"

"ఊఁ."

తాత లేచి కూర్చున్నాడు. నేను పెట్టెని తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను. అగ్గిపుల్లని వేళ్లతో తడిమి చూసి, కాసేపు ఆలోచించాడు.

"ఇదా? తిన్నాక పళ్లు కుట్టుకుంటా, బేరింగు తీయాల్సి వచ్చి ఆడ గుచ్చినా. మరిచిపోయినా."

"అయితే పారేయనా?"

"ఆఁ, ఇప్పుడు పారేయ్," అన్నాడు తాత. మళ్లీ పడుకోబోయి ఆగి, నాకు పక్కన చోటు ఇస్తూ జరిగాడు. "ఆ నీలం దారం ఎందుకో అడగవా?"